తేదీ లేని నిర్బంధం వద్దు: పెన్‌పహాడ్ ప్రణాళిక

ఆశ్రయం అడిగిన మనిషిని తాళం వేసి కూర్చోబెట్టే పద్ధతికి నూకలు చెల్లాయి. గోడలు ఇంకా నిలబడి ఉండొచ్చు, వాటిని సమర్థించే న్యాయం మాత్రం మిగల్లేదు. వాటి తర్వాత రావలసిన లోకం గురించి తేల్చుకోవడానికి పెన్‌పహాడ్‌లో కలిశాం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల వాళ్లం ఉన్నాం. చదువుతున్న మీరూ మాతో నడుస్తారనే నమ్మకంతో ఇది రాస్తున్నాం.

సాగర్ ఎడమ కాలువ కింద వరి పండించుకునేవాళ్లకు ఈ గొడవ ఎందుకని అడిగేవాళ్లుంటారు. మా మొదటి విశ్వాసమే వాళ్లకు జవాబు.

1. మనం శరణార్థుల సంతతి. 1947-48లో రజాకార్ల దాడులకు తాళలేక ఈ ప్రాంతపు జనం పిల్లాజెల్లాతో సరిహద్దు దాటి, కృష్ణా జిల్లా ఊళ్లలో తలదాచుకున్నారు. మన పక్కనున్న మునగాల పరగణా కూడా అప్పుడు ఆ జిల్లాదే, చుట్టూ నిజాం నేల అయినా. వచ్చినవాళ్లను కాగితాలు చూపమని నిలదీసి లోపల వేసి ఉంటే మన ఇళ్లలో ఎన్ని దీపాలు ఆరిపోయేవో.

2. నిర్బంధం ముందు మనసును విరుస్తుంది. శిక్ష పడ్డ ఖైదీకి విడుదల తేదీ ఉంటుంది, గోడ మీద గీతలు గీసుకుంటూ లెక్కపెట్టుకోవచ్చు. ఆశ్రయం కోరినవాడికి ఆ లెక్క కూడా లేదు. పారిపోయి వచ్చిన భయం, పట్టి పంపేస్తారన్న భయం, రెండూ ఒకే గదిలో పడుకుంటాయి. అమెరికాలో నిర్బంధంలో ఉన్న 70 మంది ఆశ్రయార్థులను పరీక్షించి 2003లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో 86 శాతం మందిలో కుంగుబాటు, 77 శాతం మందిలో ఆందోళన, సగం మందిలో తీవ్ర ఆఘాతం తాలూకు లక్షణాలు కనిపించాయి. లోపల గడిపిన కాలం పెరిగేకొద్దీ అవి ముదిరాయి.

తెలుగువాళ్లు ఈ గోడలను దగ్గరనుంచే చూశారు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు మన పిల్లల కాళ్లకు జీపీఎస్ పట్టీలు కట్టారు. ఆ పట్టీకి రోజూ చార్జింగ్ పెట్టాలి. అంతసేపూ కాలు గోడలోని ప్లగ్గుకు కట్టేసినట్టే. 2019 జనవరిలో, ప్రభుత్వమే వల పన్ని నడిపిన మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం పేరుతో 130 మంది విద్యార్థులను పట్టుకుంటే అందులో 129 మంది భారతీయులు, ఎక్కువమంది మనవాళ్లే. వాళ్లు చదువు పేరుతో వెళ్లినవాళ్లు, ఆశ్రయం కోరినవాళ్లు కాదు. కానీ అక్కడి వలస నిర్బంధ వ్యవస్థ ఇద్దరికీ ఒక్కటే. ఇక్కడి తండ్రి కల్లంలో వడ్లకుప్ప పక్కన ఫోన్ పట్టుకుని కూర్చుంటాడు, "ఎప్పుడొస్తవు బిడ్డా" అంటాడు. అవతల జవాబు దొరికేలోపే కాల్ కట్ అవుతుంది.

3. గడువు చెప్పని నిర్బంధం చట్టం వేషంలోని హింస. 1950 నాటి ముందస్తు నిర్బంధ చట్టాన్ని చవిచూసిన ఈ నేలకు ఆ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆస్ట్రేలియా హైకోర్టు 2004లో తప్పులేదన్న నిరవధిక వలస నిర్బంధాన్ని 2023 నవంబరులో అదే కోర్టు చెల్లదంది. పందొమ్మిదేళ్లు పట్టింది. అంత ఓపిక మాకు లేదు.

4. న్యాయం మన గడప దగ్గర మొదలవ్వాలి. హైదరాబాద్ బాలాపూర్‌లో రోహింగ్యాలు బతుకుతున్నారు. వాళ్లలాంటివాళ్లే 2021 మార్చి నుంచి జమ్మూలోని హీరానగర్ నిర్బంధ కేంద్రంలో ఉన్నారు. 1951 శరణార్థుల ఒప్పందంపై భారతదేశం సంతకం చేయలేదు, నిజమే. అయినా రాజ్యాంగం 21వ అధికరణ కాపాడేది పౌరులను మాత్రమే కాదు. మిషిగన్‌లో పట్టుబడ్డ మన పిల్లల కోసం ఏడ్చి, బాలాపూర్ వైపు మొహం తిప్పుకోవడం మా వల్ల కాదు.

5. రాబోయే లోకంలో ఆశ్రయం అడగడం నేరం కాదు. అడిగినవాడు ఊళ్లో, మనుషుల మధ్య, పని చేసుకుంటూ, పిల్లలను బడికి పంపుకుంటూ విచారణకు హాజరవుతాడు. నిర్బంధం తప్పదని ఏ ప్రభుత్వమైనా అంటే, కారణాన్ని న్యాయమూర్తి ముందు చెప్పాలి, గడువు కాగితం మీద రాయాలి. పసిపిల్లల విషయంలో ఆ మినహాయింపు కూడా ఉండదు. ఆశ్రయం కోరినవాడి భాషలో మాట్లాడే వకీలూ, మానసిక వైద్యుడూ ఎవరి దయా కాకుండా హక్కుగా అందుతారు. విడుదలయ్యాక కూడా వెంటాడే పీడకలలకు చికిత్స చేయించే బాధ్యత బంధించిన రాజ్యానిదే అవుతుంది. అప్పుడు సరిహద్దు అంటే ఎవరు వచ్చారో, ఏ ఆపదలోంచి వచ్చారో కనుక్కునే చోటు.

వకీళ్లూ, నర్సులూ, టీచర్లూ, రెండు భాషలు వచ్చిన విద్యార్థులూ, మాకు మీరు కావాలి. దూరదేశపు నిర్బంధం నుంచి తిరిగొచ్చి ఇంట్లో మాట్లాడకుండా కూర్చున్నవాళ్లు మన మండలాల్లో ఉంటే, అప్పు ఎంతయిందని ముందు అడగకండి. అన్నం పెట్టి, పక్కన కూర్చుని, నిద్ర పడుతోందా అని అడగండి. ఆ తర్వాత మా దగ్గరికి తీసుకురండి.