చుక్కలూ, మనమూ

మొన్న దేవసూగూరులో కృష్ణ ఒడ్డున నడుస్తుంటే, మా సంఘం మిత్రుడొకరు బాధగా అన్నారు: "అవతలివాళ్లూ క్రైస్తవులేనండీ. అయినా అమ్మాయి పుట్టిన వేళ అడిగి, మూలా నక్షత్రమని సంబంధం వదులుకున్నారు."

మన తెలుగు బైబిలులో, యోబు గ్రంథంలో కృత్తిక, మృగశీర్ష పేర్లున్నాయి. అక్కడ అవి దేవుని చేతిపనులే గాని, మన తలరాత రాసేవి కావు. తూర్పు జ్ఞానులకు నక్షత్రం దారి చూపింది. వారు మొక్కింది మాత్రం శిశువుకే. రైతు మృగశిర కార్తె చూసి విత్తడం వేరు, చుక్క పేరుతో పిల్లను కాదనడం వేరు.

ఒకే ఘడియలో పుట్టిన ఇద్దరిలో ఒకడు ధనికుడు, ఒకడు బానిస అయ్యారని అగస్టీను 1600 ఏళ్ల క్రితమే రాశాడు. మా బ్యాంకులోనూ అంతే! ఒకే ముహూర్తాన తెరిచిన రెండు ఖాతాల్లో నిల్వ ఒక్కలా ఉండదు.

"ఈ మాట ముందు అమ్మాయికి చెప్పండి. తప్పు తనదే అనుకుంటుందేమో!" అన్నాను.