కాకరరసం కంచానికి ప్రాయశ్చిత్తం కాదు

“మధుమేహానికి ఏ ఆకు మంచిది?” అని నన్ను అడిగేవారు అనేకులు. “నా కంచంలో ఏమి తగ్గించాలి?” అని అడిగేవారు అరుదు. ఈ పొరపాటు నేనూ చేసినవాడినే.

ఎనిమిదేళ్ళ క్రితం నా రక్తంలో చక్కెర హద్దుకు చేరువైనదని పరీక్షలో తేలింది. ఈ వ్యాధివల్లనే మా తండ్రిగారు కాలు పోగొట్టుకున్నారు. ఆ భయంతో ప్రతి ఉదయం గ్లాసెడు కాకరరసం సేవింపసాగాను. రసం తాగానన్న ధైర్యంతో మధ్యాహ్నం పప్పుతో, పులుసుతో, పెరుగుతో మూడుసార్లు అన్నం వడ్డించుకొని, వెంటనే నిద్రకు ఉపక్రమించేవాడిని. “ఏమండీ, పొద్దున తాగిన చేదు ఇన్ని ముద్దలకూ సరిపోతుందంటారా?” అన్నది నా శ్రీమతి. నవ్వి ఊరుకున్నాను. ఆరు మాసాల తరువాత పరీక్షలో అంకె మరింత పెరిగింది. అప్పుడు నవ్వు రాలేదు.

నిజానికి మన శాస్త్రం ఈ సంగతిని ఏనాడో చెప్పింది. కదలక కూర్చునే సుఖం, అతినిద్ర, పెరుగు, కొత్త ధాన్యం, బెల్లపు వంటకాలు ప్రమేహానికి కారణాలని చరకుడు పేర్కొన్నాడు. ధనహీనుడైన ప్రమేహరోగిని నూరు యోజనాలు నడవమన్నాడు సుశ్రుతుడు. వ్యాధికారణాన్ని విడిచిపెట్టడమే ప్రథమ చికిత్స. దానినే నిదాన పరివర్జనం అన్నారు.

ఆధునిక పరిశోధన కూడా ఈ మార్గాన్నే బలపరుస్తున్నది. మధుమేహపు అంచున ఉన్న 531 మందిపై చెన్నైలో జరిపిన అధ్యయనం 2006లో ప్రచురితమైంది. సాధారణ సలహా మాత్రమే పొందినవారిలో మూడేళ్ళకు నూటికి 55 మంది మధుమేహులు కాగా, ఆహారాన్ని సరిదిద్దుకొని వ్యాయామం చేసినవారిలో 39 మందే అయ్యారు. అలవాట్లు మార్చుకున్న వారందరూ తప్పించుకోలేదు గాని, వ్యాధి పాలయ్యేవారు గణనీయంగా తగ్గారు.

నేను అన్నాన్ని సగం చేసి, ఆ చోట కూరను, పప్పును పెంచాను. రాత్రికి జొన్నరొట్టె ఒకటి. పగటినిద్ర మాని, సాయంకాలం నలభై నిమిషాలు నడుస్తున్నాను. చక్కెర మరల హద్దులోకి వచ్చింది. కాకరను విడువలేదు, ఇప్పుడది గ్లాసులో గాక, కూరగా కంచంలోనే ఉన్నది.

ఇప్పటికే మాత్రలు వాడుతున్నవారు వైద్యుని అడగకుండా వాటిని మానరాదు. రసాలు, కషాయాలు తాగదలచినా ముందుగా ఆయనకు తెలపాలి. తక్కినవారికి నా విన్నపం ఒక్కటే: గృహవైద్యం పోపులపెట్టెతో గాక, వడ్డించే గరిటెతో ప్రారంభించండి.