ఇంకో పిల్లాడిది అల్లరి, మాది స్వభావం

‘మీవోళ్ల స్వభావమే అంత’. ఈ మాట మేం మొదట విన్నది కల్హేర్ బడిలో, ఓ సారు నోట. క్లాసులో ఇద్దరు కొట్టుకున్నారు. దెబ్బలు ఇద్దరికీ పడ్డాయి. కానీ ఇంకో పిల్లాడిది అల్లరి, మాది స్వభావం!

ఆ తర్వాత అదే మాట ఎన్నికల సభల్లో విన్నాం. చివరికి అభ్యుదయ మిత్రుల నోటా విన్నాం.

ఏమిటీ స్వభావం? అమెరికా వ్యవహారికసత్తావాది జాన్ డ్యూయీ 1922లోనే దీన్ని విప్పి చూపాడు. మనిషి పుట్టుకతో తెచ్చుకునేవి ఉద్వేగాలే. అవి ఏ అలవాట్లుగా గట్టిపడాలో తేల్చేది సమాజం. భయం పుట్టుకతో వస్తుంది. ఒకే గల్లీలో ముడుచుకుని బతకడం పుట్టుకతో రాదు.

మా నారాయణఖేడ్ తాలూకా 1956 దాకా బీదర్ జిల్లాలోది. 1948 పోలీసు చర్యలోనూ, ఆ తర్వాతా హైదరాబాద్ రాష్ట్రంలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఎక్కువ దెబ్బతిన్న నాలుగు జిల్లాల్లో బీదర్ ఒకటి. రజాకార్ల దౌర్జన్యాలను మేం దాచం. కానీ వాళ్ల పాపానికి శిక్ష పడింది దూదేకేవాడికీ, కూలివాడికీ. ఆ నివేదికను దశాబ్దాలపాటు తొక్కిపెట్టారు. మా పెద్దలు నోరు మూసుకోవడం నేర్చుకున్నారు. ఇప్పుడు దానికి ‘కలవని స్వభావం’ అని పేరు! గాయం చేసి, మచ్చను పుట్టుమచ్చ అంటారా?

డ్యూయీ దగ్గర చదివిన అంబేద్కర్ 1936లో కులనిర్మూలన రాశాడు. స్వభావం మారదనుకుంటే ఆ పుస్తకానికి అర్థమే లేదు.

మావాళ్లకూ ఓ మాట. ఆడపిల్ల స్వభావం గడప లోపలిదేనని తీర్పులిచ్చే పెద్దలారా, 1929లో మద్రాసు ఉపన్యాసాల్లో ఇక్బాల్ ఏమన్నాడు? మతానుభవాన్ని తర్కంతోపాటు దాని ఫలితంతోనూ పరీక్షించాలన్నాడు. బడి మాన్పించిన పిల్ల బతుకులో ఏ ఫలం కాసింది? బయటివాళ్లు మాకు అంటగట్టిన స్వభావం అబద్ధమైతే, మేం మా బిడ్డలకు అంటగట్టేదీ అబద్ధమే.

లౌకికవాద మిత్రులారా, నమ్మకం నిజమో కాదో ఆచరణలో తేలుతుందంటుంది ఈ తత్వం. మీ లౌకికవాదం తేలేది సభల్లో కాదు, మీ ఇంటి టూలెట్ బోర్డు కింద. మేం పేరు చెప్పాక కూడా ఇల్లు ఖాళీగానే ఉందంటారా?