గాజు బీరువాలో దేవుళ్ళు

మన మిత్రుడొకాయన ఉన్నాడు. పేరు చెప్పను, చెబితే వచ్చే ఆదివారం సమావేశానికి నేను వెళ్ళలేను. ఇరవై ఏళ్ళుగా హేతువాది. ఇల్లు కట్టుకున్నప్పుడు వాస్తు చూడలేదు, గృహప్రవేశానికి పురోహితుణ్ణి పిలవలేదు, ప్లానులో ఉన్న పూజగదిని మేస్త్రీ చేత కొట్టేయించాడు. బంధువులు ఆరు నెలలు మాట్లాడలేదు. ఇంతవరకూ శభాష్.

మొన్న ఆయన ఇంటికి వెళ్ళాను. పూజగది ఉండాల్సిన చోట, సరిగ్గా ఆ ఈశాన్యం మూలనే, ఒక గాజు బీరువా ఉంది. లోపల చిన్న చిన్న దీపాలు. ఆ వెలుగులో డార్త్ వేడర్, ల్యూక్ స్కైవాకర్, యోడా. వెనక వరసలో స్టార్ ట్రెక్ వాళ్ళు, ఒక టెర్మినేటర్. సగం మంది ఇంకా అట్టపెట్టెల్లోనే, ప్లాస్టిక్ పొర వెనకే ఉన్నారు. మేము టీ తాగుతుండగా నాలుగేళ్ళ మనవరాలు తలుపు లాగి యోడా మీద చెయ్యి వేసింది.

"ముట్టుకోకు!" అని కేక పెట్టాడు పెద్దాయన. పాప ఉలిక్కిపడి ఏడుపు మొదలుపెట్టింది.

ఆ కేక నాకు బాగా తెలుసు. మడి కట్టుకున్న మా నాయనమ్మ నన్ను చూసి వేసిన కేక అదే. స్వరం అదే, కంగారు అదే. మా నాయనమ్మ కనీసం సాయంత్రానికి మడి విప్పేది.

నాకు ఈ మాట అనే హక్కు ఎక్కడిదంటారా? మా ఇంట్లోనూ పదకొండు బొమ్మలున్నాయి. నాలుగు ఇంకా పెట్టె విప్పనివి. కాబట్టి ఈ సలహాలు తోటి రోగి ఇస్తున్నవిగా తీసుకోండి.

మొదటి సలహా: అవి బొమ్మలని ఒప్పుకోండి.

"బొమ్మలు కాదండీ, యాక్షన్ ఫిగర్లు" అంటారు మనవాళ్ళు, ఏదో శాస్త్రీయ నామం చెప్పినట్టు. ఆ మాట 1964లో హాస్‌బ్రో కంపెనీ జి.ఐ.జో సైనికుణ్ణి అమ్మడానికి పుట్టించింది. మగపిల్లలకు బొమ్మ కొనమంటే అమెరికా నాన్నలు కొనరని భయం. అందుకని పేరు మార్చారు, సరుకు అదే. జ్యోతిషాన్ని 'ఖగోళ విజ్ఞానం' అని అమ్మేవాణ్ణి మనం వేదికెక్కి దులిపేస్తాం కదా, ఇక్కడ మాత్రం ఎందుకు తలూపుతున్నాం?

ఇంకో ముచ్చట. అమెరికాలో మనిషి రూపంలో ఉన్న బొమ్మకు దిగుమతి సుంకం 12 శాతం, మనిషి కాని ఆటవస్తువుకు 6.8 శాతం ఉండేది. ఎక్స్‌మెన్ బొమ్మలు తెచ్చే టాయ్ బిజ్ కంపెనీ కోర్టుకెళ్ళి, మా వీరులు మనుషులు కారని వాదించింది. 2003లో గెలిచింది కూడా. మ్యూటెంట్లూ మనుషులేనని దశాబ్దాలపాటు కథల్లో కన్నీళ్ళు పెట్టించిన వ్యాపారమే, సుంకం దగ్గరికొచ్చేసరికి కాదు పొమ్మంది. దేవుడి ఆస్తుల కేసుల్లో దేవుడు మైనరు అవుతాడు చూడండి, అలాంటిదే.

రెండో సలహా: పెట్టుబడి అనకండి.

ఇంట్లో ఆడవాళ్ళు అడిగినప్పుడు మనం చెప్పే అబద్ధాల్లో ఇది మొదటిది. "ఇది ఖర్చు కాదే, పెట్టుబడి. బోబా ఫెట్ బొమ్మ ఎంతకు పోయిందో తెలుసా?" తెలుసు. 2024లో అమెరికాలో జరిగిన వేలంలో 5,25,000 డాలర్లు పలికింది. మన లెక్కలో నాలుగు కోట్ల పైమాట. కాని అది దుకాణంలో అమ్మిన బొమ్మ కాదు. వీపు మీది రాకెట్ ఎగిరి పడేలా 1979లో తయారుచేసిన నమూనా. అప్పుడే మరో కంపెనీ అంతరిక్ష బొమ్మ నుంచి వచ్చిన చిన్న క్షిపణి గొంతుకు అడ్డుపడి ఒక పిల్లవాడు చనిపోయాడు. దాంతో కెన్నర్ కంపెనీ రాకెట్ ఎగిరే బొమ్మను మానుకుని, రాకెట్ కదలకుండా అతికించి అమ్మింది. అంటే లోకంలోకెల్లా ఖరీదైన ఆటబొమ్మల్లో ఒకదానికి ఆ ధర రావడానికి కారణం, అది ఏ పిల్లవాడి చేతికీ వెళ్ళకూడదని నిర్ణయించిన వస్తువు కావడమే. ఈ సంగతి ఒకసారి నిమ్మళంగా ఆలోచించండి.

మామూలు పాత బొమ్మలకైనా ధర ఎందుకొచ్చింది? 1978లో కొన్న పిల్లలు వాటితో మట్టిలో ఆడారు, చేతులు విరగ్గొట్టారు, తుపాకులు పోగొట్టారు. మిగిలినవి వాళ్ళమ్మలు చెత్తలో వేశారు. అందరూ పాడుచేశారు కాబట్టే మిగిలిన కొన్నింటికి విలువ. 1999లో కొత్త స్టార్‌వార్స్ సినిమా వచ్చేసరికి అందరూ తెలివిమీరి డజన్ల లెక్కన కొని విప్పకుండా అటక మీద దాచారు. అందరూ దాచిన వస్తువు అరుదైనది ఎలా అవుతుంది? వాటిలో చాలావరకు నేటికీ కొన్న ధర కూడా రావు. ఇది అర్థం కావడానికి అర్థశాస్త్రం అక్కర్లేదు, మొక్కుబడుల లెక్క తెలిస్తే చాలు. కోరిక తీరినవాడు గుడికి గంట కట్టిస్తాడు, దాని మీద పేరు చెక్కిస్తాడు. తీరనివాడు ఏ గంటా కట్టడు. గంటలు మాత్రమే లెక్కపెట్టేవాణ్ణి మనం ఏమంటాం? వేలం వార్తలు మాత్రమే చదివేవాణ్ణీ అదే అనాలి.

మూడో సలహా: ఖాళీ పెట్టె కథ మరిచిపోకండి.

1977 మే 25న స్టార్‌వార్స్ విడుదలైంది. క్రిస్మస్ నాటికి కెన్నర్ దగ్గర బొమ్మలు సిద్ధంగా లేవు. ఏం చేశారు? బొమ్మలు లేని అట్టకవరు అమ్మారు. అందులో ఒక కూపను. అది పోస్టు చేస్తే మరుసటి ఏడాది ల్యూక్, లియా, చ్యూబాకా, ఆర్టూ-డీటూ ఇంటికొస్తాయని హామీ. జనం డబ్బిచ్చి హామీ కొనుక్కున్నారు. న్యాయంగా చెప్పుకోవాలంటే, 1978లో బొమ్మలు నిజంగానే వచ్చాయి. పరలోకంలో ఇస్తామని ఇక్కడ వసూలు చేసేవాళ్ళెవరూ ఇంతవరకు ఆ మాత్రం నిజాయితీ చూపించలేదు. కాబట్టి కెన్నర్ వారికి నా నమస్కారం.

నాలుగో సలహా: మడి విప్పండి.

అమెరికాలో బొమ్మకు మార్కులు వేసే సంస్థలున్నాయి. మీరు పెట్టె పంపితే అట్ట మూల ఎంత నలిగింది, పొర ఎంత పసుపెక్కింది చూసి, నూటికి ఇన్ని అని వేసి, అక్రిలిక్ డబ్బాలో సీలు చేసి ఇస్తారు. ఆ తర్వాత దాన్ని విప్పితే మార్కులు పోతాయి. అంటే మీరు మీ డబ్బుతో కొన్న వస్తువును మీరే తాకరాదు. గర్భగుడిలోకి అందరినీ రానివ్వాలని ఊరేగింపులు తీసిన మనం, ఇంట్లో మనకే ప్రవేశం లేని గర్భగుడి కట్టుకున్నాం.

పోనీ, సీలు వేస్తే అమరత్వం వస్తుందా? రాదు. మెత్తని పి.వి.సి. ప్లాస్టిక్‌లో మెత్తదనం కోసం కొన్ని రసాయనాలు కలుపుతారు. అవి ఏళ్ళ తరబడి మెల్లగా పైకి ఊరతాయి. బొమ్మ జిడ్డుగా, చెమట పట్టినట్టు అవుతుంది. వేడి ఎక్కువైనా, గాలి ఆడకపోయినా ఇది మరీ బాధిస్తుంది. బెజవాడ ఎండాకాలంలో మూసిన బీరువా అంటే ఇక చెప్పేదేముంది! తెల్లటి గట్టి ప్లాస్టిక్ వెలుతురుకు, వేడికి పసుపు పచ్చగా మారుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లబరుస్తారు గాని, ఆ పసుపు కొన్నాళ్ళకు మళ్ళీ రావచ్చు. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగాడని దేశమంతా చెంచాలు పట్టుకుని నిలబడితే, తలతన్యత గురించి మనం ఊరూరా తిరిగి చెప్పాం. ఇప్పుడు మీ డార్త్ వేడర్‌కు చెమట పడితే అదీ మహిమ కాదు, రసాయన శాస్త్రమే. గోరువెచ్చని నీళ్ళు, కాస్త సబ్బు, మెత్తటి గుడ్డ చాలు. ఎండ తగలని, గాలాడే చోట పెట్టండి. అయితే తుడవాలంటే పెట్టె విప్పాలి. అందుకే అంటున్నాను, విప్పండి.

ఐదో సలహా: సాక్ష్యం అడగండి.

1978లో మొదట వచ్చిన జావా బొమ్మకు వినైల్ అంగీ ఉండేది. కొద్దికాలానికే దాన్ని తీసి గుడ్డ అంగీ వేశారు. దాంతో వినైల్ అంగీ జావాకు గిరాకీ విపరీతంగా పెరిగింది. మోసగాళ్ళు ఏం చేశారంటే, ఒబీవాన్ కెనోబీ బొమ్మ అంగీని కత్తిరించి జావాకు తొడిగారు. కొనేవాడి కళ్ళకు భక్తి పొర కమ్మింది, జేబు ఖాళీ అయింది. అమ్మేవాడే రాసిచ్చిన ధ్రువపత్రం సాక్ష్యం కాదు. బాబాగారి మహిమకు బాబాగారి శిష్యుడి సాక్ష్యం ఎంత చెల్లుతుందో అదీ అంతే చెల్లుతుంది. విభూతి ఎక్కణ్ణుంచి వచ్చిందో చూపించమని నిలదీసిన నోరు, అంగీ ఎక్కణ్ణుంచి వచ్చిందో అడగడానికి మొహమాటపడకూడదు.

ఆరో సలహా: పొరుగింటి పుల్లకూర కోసం అప్పు చెయ్యకండి.

మన ప్రభుత్వం బొమ్మల దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. విదేశం నుంచి తెప్పించే ముందు ఆ లెక్క కూడా వేసుకోండి. తమాషా ఏమిటంటే, మన ఫన్‌స్కూల్ వాళ్ళు ఇక్కడ చేసి అమ్మిన జి.ఐ.జో బొమ్మల కోసం ఇప్పుడు అమెరికా సేకర్తలు వెతుక్కుంటున్నారు. అక్కడెప్పుడూ రాని వింత రంగులు వాటికి ఉండటమే కారణం. వాళ్ళకు మన పుల్లకూర రుచి, మనకు వాళ్ళది.

ఇక అసలు వాదన. "ఇది సరదా. మేము పూజించడం లేదు. స్కైవాకర్ పేరు చెప్పి ఎవరి తలలూ పగలగొట్టలేదు" అంటారు మీరు. నిజమే, ఒప్పుకుంటాను. 2001 జనాభా లెక్కల్లో ఇంగ్లండు, వేల్సులలో 3,90,000 మంది తమ మతం 'జెడై' అని రాశారు. 2021 నాటికి వాళ్ళు రెండు వేలు కూడా లేరు. ఒక్క యుద్ధం జరగలేదు, ఒక్క పుస్తకం తగలబెట్టలేదు. మతాలన్నీ ఇంత మర్యాదగా తప్పుకుంటే మన సంఘానికి పనే ఉండేది కాదు.

కాని నా పేచీ బొమ్మతో కాదు, అలవాటుతో. వస్తువులో లేని పవిత్రతను వస్తువుకు అంటగట్టి, దాని కోసం ఎదురుగా ఉన్న మనిషిని కసరడం అనే అలవాటు. మతాన్ని మనం తప్పుబట్టింది దేవుడు లేడని మాత్రమే కాదు. లేని దేవుడి కోసం ఉన్న మనిషిని దూరం నెట్టారని కూడా. ఆ లెక్కన ఆ నాలుగేళ్ళ పాప ఏడుపు మన మీద దాఖలైన ఫిర్యాదే. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు తీసిన 'ఆదిత్య 369' చూశారుగా? అందులో విలన్ ఎవరు? అపురూప వస్తువులు పోగేసుకునే శ్రీమంతుడు. మన సైన్స్ ఫిక్షన్ ఆ విషయం మనకు ముందే చెప్పింది.

ఒక చిన్న పరీక్ష చెబుతాను. మీ బీరువాలో ఏ బొమ్మ విరిగితే మీకు ఎక్కువ బాధ కలుగుతుందో ఆ బొమ్మనే బయటికి తియ్యండి. దాన్ని ఇంట్లో ఉన్న పిల్లకు ఒక గంట ఇవ్వండి. చిన్న తుపాకీలు, కత్తులు మాత్రం ముందే తీసెయ్యండి, అవి గొంతుకు అడ్డం పడతాయి, అందులో హాస్యం లేదు. ఇవ్వగలిగితే మీది సరదా. చేతులు వణికితే మీ ఇంట్లో పూజగది ఇంకా ఉన్నట్టే.

నేను ప్రయత్నించాను. పక్కింటి కుర్రాడికి నా నాలుగు పెట్టెల్లో మూడు విప్పి ఇచ్చాను. ఒక స్పాక్ చెవి పోయింది. నాలుగోది ఇంకా విప్పలేదు. ప్రయత్నిస్తున్నాను.