నల్లా నీళ్లను నమ్మొద్దన్నది ఎవరు?

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. పోలింగే వాయిదా వేయాల్సి వచ్చింది. వాళ్లలో ఎక్కువ మంది గెలవాలని నిలబడినవాళ్లు కారు. ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగి నడుములు వంగిపోయిన తమ ఊళ్లకు కృష్ణా నీళ్లు కావాలన్న సంగతి దేశానికి తెలియాలని, జలసాధన సమితి పిలుపు అందుకుని నామినేషన్లు వేసినవాళ్లు. ఆ సమితిని నడిపిన దుశ్చర్ల సత్యనారాయణ, ఫ్లోరోసిస్‌తో ఎదుగుదల ఆగిపోయిన అంశల స్వామిని 2003లో ఢిల్లీ తీసుకెళ్లి ప్రధాని వాజపేయి ఎదుట బల్ల మీదే ఉంచారు. తాగడానికి మంచి నీళ్లు ప్రభుత్వమే ఇంటికి తెచ్చివ్వాలన్న మాట కోసం అంత పోరాటం జరిగింది.

ఇప్పుడు ఆ జిల్లాకు పైపుల్లో నది నీళ్లు వస్తున్నాయి. 2016లో మొదలైన మిషన్ భగీరథ ఆ పని చేసింది. అయినా పొద్దున్నే ట్రాలీ ఆటో హారన్ వినపడగానే ఖాళీ క్యాన్ పట్టుకుని వాకిట్లోకి వచ్చే ఇళ్లు అక్కడా ఉన్నాయి. భగీరథ నీళ్లు గిన్నెలకూ బట్టలకూ, క్యాన్‌లో వచ్చే ఆర్వో ప్లాంటు నీళ్లు తాగడానికీ. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలోనూ, విజయవాడ వీధుల్లోనూ ఇదే పద్ధతి. క్యాన్ నీళ్లు శుభ్రమైనవి, నల్లా నీళ్లు తాగితే జబ్బు చేస్తుంది అన్నది పరీక్ష అక్కర్లేని సత్యంగా చెలామణి అవుతోంది. ఇంటికొచ్చిన చుట్టానికి కుళాయి నీళ్లిస్తే మర్యాద తక్కువ చేశామేమో అని గృహిణి బాధపడే దాకా వచ్చింది. ఈ నమ్మకం తప్పు. దీనివల్ల జేబుకు నష్టం, ఒంటికి ప్రమాదం, ఊరికి అన్యాయం.

నల్లా నీళ్ల మీద మొదటి ఫిర్యాదు వాసన. బ్లీచింగ్ వాసన వస్తోందని తాగడం మానేసినవాళ్లు ఎంతమందో. ఆ వాసనే ఆ నీళ్లకు కాపలా. ఫిల్టర్ బెడ్ దగ్గర శుద్ధి చేసిన నీళ్లు మైళ్ల కొద్దీ పైపుల్లో ప్రయాణం చేయాలి. దారిలో ఎక్కడైనా సూక్ష్మజీవి చేరితే చంపడానికి క్లోరిన్ కొంచెం మిగిలి ఉండాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలని మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 చెబుతోంది. ఆర్వో ప్లాంటులో జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. క్లోరిన్ తగిలితే మెంబ్రేన్ పాడవుతుంది కాబట్టి కార్బన్ ఫిల్టర్‌తో ముందే దాన్ని తీసేస్తారు. చివర్లో యూవీ లైటు కింద పంపినా, ఓజోన్ పట్టించినా ఆ రక్షణ ఎక్కువసేపు నిలవదు. ఆ నీళ్లను నిన్న ఇంకెవరింట్లోనో ఉండి వచ్చిన క్యాన్‌లో పడతారు. ఆ క్యాన్‌ను ఎలా కడిగారో, అసలు కడిగారో లేదో మనం చూడలేదు. అది ఎండలో ఆటో మీద తిరిగి, మన వంటగదిలో రెండు రోజులు ఉంటుంది. ఈలోగా అందులో ఒక్క క్రిమి చేరినా అడ్డుకునేది ఏమీ లేదు. వాసన లేదు కాబట్టి మంచివి అనుకుంటున్నాం గానీ, కాపలా తీసేసిన నీళ్లు అవి.

ఈ నమ్మకాన్ని ఇంటింటికీ మోసుకొచ్చినవాళ్లలో ఆర్వో యంత్రాలు అమ్మేవాళ్లు ముఖ్యులు. వాళ్లు చేసే ప్రదర్శన చాలామంది చూసే ఉంటారు. రెండు గ్లాసులు పెడతారు. ఒకదాంట్లో నల్లా నీళ్లు, ఇంకోదాంట్లో ఆర్వో నీళ్లు. కడ్డీలున్న చిన్న పరికరం రెండింట్లో ముంచి కరెంటు ఇస్తారు. నిమిషంలో నల్లా నీళ్లు గోధుమరంగుకు తిరిగి, తెట్టు కట్టి, చూస్తేనే వాంతి వచ్చేలా తయారవుతాయి. ఆర్వో నీళ్లు తేటగానే ఉంటాయి. ఇంట్లో తల్లి గుండె గుభేలుమంటుంది. ఇన్నాళ్లూ పిల్లలకు ఇదా తాగించింది అనుకుంటుంది. కానీ ఆ మురికి నీళ్లలోది కాదు, కడ్డీది. లవణాలున్న నీళ్లలో కరెంటు పారుతుంది, ఆ కరెంటుకు ఇనుప కడ్డీ కరిగి తుప్పు కక్కుతుంది. ఆర్వో నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి కరెంటు పారదు. అదే ఆర్వో గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ కడ్డీలు ముంచమనండి. ఆ నీళ్లూ అదే రంగుకు వస్తాయి. తల్లి భయంతో చేసే ఈ వ్యాపారం నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధిస్తుంది.

టీడీఎస్ మీటరు కథా అంతే. అది కరిగిన లవణాలెన్నో చెబుతుంది, క్రిములున్నాయో లేదో చెప్పదు. ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ 500 దాకా నిక్షేపంగా తాగొచ్చు. వేరే దిక్కులేని చోట 2000 వరకూ అనుమతి ఉంది. టీడీఎస్ 500 లోపున్న చోట ఆర్వో వాడకాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. ఎందుకంటే ఆర్వో కాల్షియం, మెగ్నీషియం వంటి ఒంటికి కావాల్సినవీ తీసేస్తుంది, పైగా చాలా నీళ్లను వృథాగా బయటికి తోస్తుంది. ఊళ్లోని ప్లాంటుకు నీళ్లు వచ్చేది సాధారణంగా బోరు నుంచే. ఫ్లోరైడ్ ఉన్న బోరైతే, ఆర్వో వేరుచేసిన ఫ్లోరైడంతా ఆ వృథా నీళ్లలో చిక్కబడి ఉంటుంది. వాటిని పక్కన కాలువలోకో ఖాళీ స్థలంలోకో వదిలితే అవి మళ్లీ భూమిలోకే ఇంకుతాయి. నల్లగొండ నేల మీద ఇలా జరగడం చూసి ఊరుకోవాలా?

నల్లా నీళ్లతో మనుషులు చనిపోలేదా అని అడుగుతారు. చనిపోయారు. 2009 మే నెలలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో తాగునీటిలో మురుగు కలిసి ప్రాణాలు పోయాయి. 2018లో గుంటూరులోనూ అదే ఘోరం. వీటిని తక్కువ చేసి చెప్పే హక్కు నాకు లేదు. అయితే అవి ఎలా జరుగుతాయో చూడాలి. మన ఊళ్లలో నీళ్లు రోజుకో గంట, కొన్నిచోట్ల రోజు విడిచి రోజు వదులుతారు. వదిలినంతసేపూ పైపులో ఒత్తిడి ఉంటుంది, మురుగు లోపలికి రాలేదు. ఆపగానే ఒత్తిడి పడిపోయి, పగుళ్ల దగ్గర పక్కనున్న డ్రైనేజీని పైపు లోపలికి లాక్కుంటుంది. దీనికి మందు పాత లైన్లు మార్చడం, మురుగు కాలువలోంచి పోయే కనెక్షన్లను పక్కకు జరపడం, రోజంతా ఒత్తిడి నిలపడం. చేయలేని పనేం కాదు. ఒడిశాలోని పూరీ 2021లో ఇరవై నాలుగు గంటలూ నేరుగా కుళాయి నుంచే తాగగలిగే నీళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది.

భోలక్‌పూర్ పేదల బస్తీ. అక్కడి పైపు మారాలంటే నగరమంతా అడగాలి. నగరంలో గొంతున్నవాళ్లు, ఫోన్ చేస్తే ఇంజినీరు పలికేవాళ్లు క్యాన్ తెప్పించుకుని ఆ పైపుతో తెగతెంపులు చేసుకున్నారు. ఇక అధికారిని నిలదీసేదెవరు? నల్లాలో మురికి వస్తే ఫిర్యాదు చేయడానికి ఒక ఆఫీసుంది, జవాబు చెప్పాల్సిన ప్రభుత్వముంది, ఐదేళ్లకోసారి ఓటుంది. సీలు లేని, పేరు లేని క్యాన్ తాగి వాంతులైతే ఎవరిని పట్టుకుంటాం?

డబ్బు సంగతి. క్యాన్ ఇరవై రూపాయలనుకున్నా, రోజుకొకటి తెప్పించే ఇల్లు నెలకు 600 పెడుతుంది. హైదరాబాద్‌లో 2021లో మొదలైన పథకం కింద ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితం. కూలి డబ్బుల్లోంచి ఆ 600 తీసేవాళ్లను తలుచుకుంటే కోపం వస్తుంది.

సీలు వేసిన బాటిల్‌కు నియమాలున్నాయి, నిజమే. ప్రయాణంలో కొనుక్కోవచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు బాటిళ్లే దిక్కయ్యాయి. కానీ నిత్యం తాగడానికి అవి మేలని ఎవరూ చెప్పలేరు. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024 జనవరిలో ప్రచురించిన అధ్యయనంలో లీటరు బాటిల్ నీళ్లలో సగటున 2,40,000 ప్లాస్టిక్ కణాలు కనిపించాయి.

కాబట్టి ఇంటి సంపు, పైన ట్యాంకు కడిగించుకోండి. వానాకాలంలో, పసిపిల్లలున్న ఇంట్లో నల్లా నీళ్లే మరిగించి చల్లార్చి తాగండి. ఫ్లోరైడ్ బోరు నీళ్లు మాత్రం మరిగించినా పనికిరావు. అక్కడ నది నీళ్లే శరణ్యం. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్షలు నేర్పాలని నియమం ఉంది, కిట్లూ ఇవ్వాలి. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో గ్రామసభలో అడగండి. చివరి వీధి చివరి కుళాయి దగ్గర క్లోరిన్ ఎంతుందో వారం వారం పరీక్షించి పంచాయతీ గోడ మీద రాయమనండి. పట్నంలో ఉంటే వార్డు ఆఫీసులో ఇదే అడగండి. అదే రోజు, అదే కిట్‌తో, ట్రాలీ ఆటోలో వచ్చిన క్యాన్ నీళ్లనూ పరీక్ష చేయించి పక్కనే ఆ అంకె కూడా రాయించండి.