అమ్మాయిని కిలిమంజారో పంపమంటారా?

రాజమండ్రి నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వారి అమ్మాయి బెంగుళూరులో ఉద్యోగం చేస్తోందట. ఆఫీసు స్నేహితులతో కలిసి ఆఫ్రికాలోని కిలిమంజారో పర్వతం ఎక్కడానికి బయల్దేరుతోందట. తండ్రిగారేమో, "తిరుపతి కొండ నడిచి ఎక్కి మొక్కు తీర్చవే అంటే మోకాళ్ళ నొప్పులంటుంది, ఇప్పుడు అగ్నిపర్వతం ఎక్కుతుందా?" అని కేకలేస్తున్నారట. "మీరు ఆ కొండ ఎక్కి వచ్చారని లోగడ ఈ శీర్షికలోనే చదివాను. పంపమంటారా, వద్దంటారా? ఒక్క ముక్కలో చెప్పండి" అని ఆ తల్లి అడిగారు.

ఒక్క ముక్కలో అయితే, పంపమనే అంటాను. కాని ఆ ముక్క వెనక కొన్ని షరతులున్నాయి. అవి చెప్పాలంటే కొంచెం కథ చెప్పక తప్పదు.

ముందు తండ్రిగారి భయం సంగతి చూద్దాం. టాంజానియా దేశంలో, కెన్యా సరిహద్దు పక్కన ఉన్న ఈ కొండకు మూడు అగ్నిముఖాలు: షిరా, మవెంజీ, కీబో. మొదటి రెండూ ఏనాడో చల్లారిపోయాయి. మనుషులు ఎక్కే శిఖరం కీబో మీద ఉంది. అది చచ్చిన కొండ కాదు, నిద్రపోతున్న కొండ. దాని బిలంలో ఇప్పటికీ గంధకం వాసన వేసే ఆవిర్లు వస్తుంటాయి. అయితే ఆఖరిసారి పెద్ద ఎత్తున నిప్పులు కక్కి లక్షన్నర ఏళ్ళు దాటిందని శాస్త్రజ్ఞులు చెబుతారు. అంచేత నిప్పు గురించి బెంగ పెట్టుకోనక్కరలేదు. బెంగ పెట్టుకోవలసింది గాలి గురించి.

శిఖరం ఎత్తు 5,895 మీటర్లు, అంటే 19,341 అడుగులు. మన తూర్పు కనుమల్లో ఎంత ఎత్తైన కొండ అయినా 1,700 మీటర్లు దాటదు. కిలిమంజారోకు నడక మొదలుపెట్టే మరంగు గేటే దాదాపు 1,900 మీటర్ల ఎత్తున ఉంది. మన కొండలన్నీ అయిపోయిన చోట ఈ కొండ మొదలవుతుందన్నమాట! పైకి పోయినకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది. శిఖరం మీద అది సముద్రమట్టంలో ఉన్నదానిలో సుమారు సగం. గాలిలో ప్రాణవాయువు పాలు మారదు గాని, ఒక్కొక్క శ్వాసకు లోపలికి వెళ్ళేది సగమే. ఆ సగంతో సరిపెట్టుకోవడం శరీరానికి నేర్పాలి. నేర్పడానికి రోజులు పడుతుంది. తాళ్ళు పట్టుకుని పాకవలసిన అవసరం ఈ దారిలో లేదు కనుక, ఇది సులువైన కొండ అని చాలామంది పొరబడతారు. ప్రమాదం అక్కడే ఉంది. కాళ్ళు ఎక్కగలిగినంత వేగంగా రక్తం ఎక్కలేదు.

నేను 2019 ఫిబ్రవరిలో వెళ్ళాను. మేం నలుగురం, మాతో ఒక పెద్ద గైడు, ఇద్దరు చిన్న గైడ్లు, ఒక వంటవాడు, పదిమంది మోతగాళ్ళు. నలుగురు కొండెక్కడానికి పధ్నాలుగుమంది! గైడు లేకుండా ఆ పర్వతం ఎక్కనివ్వరు. గేటు దగ్గర మూటలన్నీ కాటా మీద తూచారు. ఒక్కొక్కరి తలమీద ఇరవై కిలోలకు మించి ఉండకూడదని ఉద్యానవనం వారి నిబంధన.

మొదటిరోజు అడవి. చెట్లనిండా నాచు వేళ్ళాడుతూ ఉంటుంది. తెల్లతోకల కొలోబస్ కోతులు కొమ్మల మీంచి చూస్తుంటాయి. దారి చక్కగా ఉంది, గాలి చల్లగా ఉంది, ఒంట్లో ఓపిక ఉంది. గబగబా నడుద్దామంటే మా పెద్ద గైడు ముందు నిలబడి "పోలే పోలే" అన్నాడు. స్వాహిలీలో మెల్లగా, మెల్లగా అని. ఆయన నడక చూస్తే అప్పగింతలనాటి పెళ్ళికూతురు అంతకంటే చురుగ్గా నడుస్తుందనిపించింది. ఆయన్ను దాటి వెళ్ళడానికి వీల్లేదు. మూటలు తలకెత్తుకున్న మోతగాళ్ళు మాత్రం "జాంబో" అని పలకరిస్తూ మమ్మల్ని దాటిపోయేవారు. మేం మజిలీ చేరేసరికి టీనీళ్ళు కాగుతుండేవి, పేలాలు వేగుతుండేవి.

ఆ రాత్రి మందారా కుటీరాల్లో, 2,720 మీటర్ల ఎత్తున పడుకున్నాం. రెండోరోజు హోరోంబో, 3,720 మీటర్లు. అక్కడికి అడవి పోయి పొదలు వచ్చాయి; ఏనుగుకాళ్ళంత మొదళ్ళతో, నెత్తిన ఆకుల గుత్తి పెట్టుకున్న వింత చెట్లు వచ్చాయి. ఇంకో మొక్క ఉంది, లొబీలియా అని. రాత్రి చలికి ఆకులన్నీ ముడుచుకుని మొగ్గను కాపాడుకుని, తెల్లవారాక మళ్ళీ విప్పుతుంది. మనిషికైతే గైడు చెప్పాలి గాని, ఆ మొక్కకు ఎవరూ చెప్పనక్కరలేదు.

మూడోరోజు పైకి పోలేదు. నాలుగువేల మీటర్ల దాకా, చారల గుర్రంలాంటి రాళ్ళున్న చోటికి తీసుకుపోయి, తిరిగి హోరోంబోకే తెచ్చి పడుకోబెట్టారు. "ఎక్కింది మళ్ళీ దిగడమెందుకు, డబ్బు దండుగ" అన్నాడు మాలో ఒకాయన. కాని ఈ కొండ మీద అసలు పని జరిగేది ఆరోజే. పగలు ఎత్తుకు ఎక్కి రాత్రి దిగువన నిద్రపోతే, శరీరం ఆ పల్చని గాలికి అలవాటు పడుతుంది. ఇదే దారిని అయిదు రోజుల్లో ముగించే యాత్రలు కూడా అమ్ముతారు. ఆరోజు మిగుల్చుకున్నందుకు కొంత డబ్బు తగ్గుతుంది. సోదరీ, నా మొదటి షరతు ఇదే: అమ్మాయి యాత్ర ఎన్ని రోజులని అడగండి. ఆరు రోజులకు తక్కువైతే వద్దనండి. ఏడెనిమిది రోజులు పట్టే మరో దారి అయితే ఇంకా మంచిది.

నాలుగోరోజు మవెంజీకీ కీబోకీ నడుమ ఉన్న ఎడారి దాటాం. చెట్టు లేదు, నీడ లేదు. ఆఖరి నీటిచుక్క హోరోంబో దాటిన కాసేపటికే దొరుకుతుంది. ఆ పైన 4,700 మీటర్ల ఎత్తున ఉన్న కీబో కుటీరంలో మనం తాగే ప్రతి చెంబుడు నీళ్ళూ ఒకరి తలమీద వచ్చినవే. అది తెలిశాక నేను ముఖం కడుక్కోవడం మానేశాను.

పొద్దున్నా సాయంత్రం గైడు మా వేళ్ళకు ఆక్సిమీటరు తొడిగి చూసేవాడు. 2020 తర్వాత మన ఇళ్ళన్నిటికీ పరిచయమైన చిన్న యంత్రమే అది. ఆ సాయంత్రం మాలో అందరికంటే బలవంతుడైన కుర్రవాడు, హైదరాబాదులో పరుగుపందేలకు వెళ్ళేవాడు, తలనొప్పి అన్నాడు. అందరికీ ఉన్నదే. తర్వాత వాంతి అయింది. గైడు అతన్ని లేపి, మడమకు బొటనవేలు ఆనించి గీత మీద నడిచినట్టు నడవమన్నాడు. నాలుగో అడుగులో తూలిపోయాడు. ఇహ మాట్లాడేది లేదన్నాడు గైడు. చీకటి పడింది, చలి కోస్తోంది, శిఖరం ఇంకొక్క రాత్రి దూరం. కుర్రవాడు ఏడ్చాడు, రెండేళ్ళు డబ్బు కూడబెట్టానన్నాడు, గంట పడుకుంటే తగ్గుతుందన్నాడు. పెద్ద గైడు అతని బూట్ల తాళ్ళు తనే కడుతూ, "ఇవాళ నీ పని కిందికి దిగడం. అది బాగా చెయ్యి" అన్నాడు. చిన్న గైడునూ ఇద్దరు మోతగాళ్ళనూ తోడిచ్చి అప్పటికప్పుడే దింపించాడు.

మర్నాడు మేం దిగివచ్చేసరికి ఆ కుర్రవాడు హోరోంబోలో కూర్చుని గంజి తాగుతున్నాడు. వెయ్యి మీటర్లు దిగడమే అతనికి మందు. మెదడులో నీరు చేరడం మొదలైనవాణ్ణి పైకి తీసుకుపోయి ఉంటే ఏమయ్యేదో నేను రాయనక్కరలేదు.

వెనక్కి దిగినవాళ్ళు ఓడినవాళ్ళు కారు. ఈ శిఖరాన్ని మొదట చేరిన జర్మను భూగోళ శాస్త్రజ్ఞుడు హాన్స్ మేయర్ 1887లో మంచు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. 1888లో తీరప్రాంతపు తిరుగుబాటులో చిక్కి కొండను చేరనేలేదు. 1889 అక్టోబరు 6న, ఆస్ట్రియా దేశపు కొండలవీరుడు లూడ్విగ్ పుర్ట్‌షెల్లర్‌తో కలిసి శిఖరం మీద నిలిచాడు. రెండు ఓటముల్లో ఆయన నేర్చుకున్నది ఏమంటే, కొండ మీద వరసగా మజిలీలు వేసి తిండి పైకి మోయించాలని. మోసిన చాగా జాతివాళ్ళ పేర్లు ఎక్కువగా చరిత్రకెక్కలేదు. దారి చూపినవాడని మరంగు ప్రజలు మాత్రం యోహానీ లౌవో అనే తమ ఊరి కుర్రవాడి పేరు ఈనాటికీ చెప్పుకుంటారు. నా రెండో షరతు: గైడు దిగమంటే మారు మాట్లాడకుండా దిగుతానని అమ్మాయి చేత ఇంట్లోనే మాట తీసుకోండి. కొండమీద అడిగితే ఆ మాట ఎవరూ ఇవ్వరు.

మిగిలిన ముగ్గురం అర్ధరాత్రి బయల్దేరాం. సున్నాకు పది డిగ్రీలు దిగువన చలి. నుదుట కట్టుకున్న దీపాల వెలుగులో ముందువాడి మడమలు తప్ప ఏమీ కనపడదు. కాలికింద బూడిదరాయి జారుతుంది. రెండడుగులు వేస్తే ఒకటి దక్కుతుంది. మవెంజీ వెనక సూర్యుడు పొడిచే వేళకు గిల్మన్ పాయింటు చేరాం. అక్కడినుంచి బిలం అంచునే ఇంకో రెండు గంటలు. శిఖరం పేరు ఉహూరు, అంటే స్వేచ్ఛ. జర్మన్లు తమ చక్రవర్తి పేరు పెట్టుకున్న ఈ శిఖరం మీద, టాంగన్యికా స్వాతంత్ర్యం పొందిన 1961 డిసెంబరు 9న కొత్త జెండానూ కాగడానూ నిలిపారు. పక్కనే హిమనదాల గోడలు నీలంగా మెరుస్తున్నాయి. 1912 నుంచి 2011 లోపల అక్కడి మంచు విస్తీర్ణంలో నూటికి ఎనభైఅయిదు పాళ్ళు పోయిందట. మన మనవలు ఎక్కేనాటికి ఆ గోడలుంటాయో లేదో!

ఇక మూడో షరతు, డబ్బు సంగతి. ఉద్యానవనం రుసుములో బేరం లేదు. గుడిసె అద్దెలో బేరం లేదు. అలాంటప్పుడు ఒక కంపెనీ అందరికంటే బాగా చవగ్గా తీసుకుపోతానంటే, ఆ తగ్గింపు ఎక్కణ్ణుంచి వస్తుంది? మోతగాడి కూలిలోంచి, అతని తిండిలోంచి, అతని చెప్పులోంచి వస్తుంది. మేం కప్పుకున్న కోట్లూ దుప్పట్లూ చూసుకుని, వట్టి స్వెట్టరుతో, అరిగిన బూట్లతో మా నీళ్ళు మోసే ఇతర బృందాల కుర్రవాళ్ళను చూస్తే తల దించుకోవలసి వచ్చింది. మోతగాళ్ళకు న్యాయమైన కూలి, మూడు పూటలా తిండి, వెచ్చని బట్టలు అందుతున్నాయో లేదో కనిపెట్టే సంస్థ ఒకటి మోషీ పట్నంలో 2003 నుంచి పనిచేస్తోంది. నిబంధనలు పాటించే కంపెనీల జాబితా ఆ సంస్థ దగ్గర ఉంటుంది. అమ్మాయి వెళ్ళే కంపెనీ అందులో ఉందా అని అడగండి. చీరల కొట్లో బేరమాడండి గాని ఇక్కడ ఆడకండి.

ఇంకొన్ని చిన్న మాటలు. ఎత్తుకు వేసుకునే డయామాక్స్ మాత్ర డాక్టరును అడగకుండా వద్దు. సల్ఫా మందులు పడనివారికి అది చిక్కు తేవచ్చు. పైకి పోయినకొద్దీ ఆకలి చచ్చిపోతుంది. ఒక సీసాడు నిమ్మకాయ ఊరగాయ కట్టివ్వండి. మా వంటవాడు అది రుచి చూసి, కళ్ళనీళ్ళు తుడుచుకుని, మళ్ళీ చెయ్యి చాపాడు.

ఇక తండ్రిగారికి ఒక మాట. నిజామాబాదు వైపు పాకాల అనే పల్లెలో పుట్టిన మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్ళు నిండకుండానే 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. 2016లో ఈ కిలిమంజారో కూడా ఎక్కింది. కూలిపని చేసుకునే తల్లిదండ్రులు ధైర్యం చేసి పంపిన పిల్ల ఆమె. మోకాళ్ళ నొప్పుల మాట అంటారా, తిరుపతి మెట్లు నాలుగుసార్లు ఎక్కించండి. అభ్యాసమూ అవుతుంది, మొక్కూ తీరుతుంది.

పంపండి, సోదరీ. తిరిగి వచ్చాక శిఖరం ఫోటో అడిగేముందు, తన సామాను మోసినవాళ్ళ పేర్లేమిటని అమ్మాయిని అడగండి. చెప్పగలిగితే, పైదాకా వెళ్ళినా వెళ్ళకపోయినా, కొండ బాగానే ఎక్కిందని మీవారికి నా మాటగా చెప్పండి.