బంతి ఎందుకు నడవలేదు?

యానిమేషన్ నేర్చుకునే మన మిల్లు పిల్లలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, బంతిని ఎడమ నుంచి కుడికి నడపమని జావాస్క్రిప్ట్‌లో లూప్ రాశా. అది నడవడమే కనపడదు, ఒక్కసారే కుడి చివర తేలుతుంది!"

లూప్ 300 సార్లు తిరిగిన మాట నిజమే. బంతి చోటు కూడా 300 సార్లు మారింది. కానీ ఆ స్క్రిప్ట్ పూర్తయ్యేదాకా బ్రౌజర్ తెరమీద కొత్త బొమ్మ గీయదు. అందుకే మన కంటికి చివరి చోటు ఒక్కటే కనపడుతుంది.

మగ్గం సంగతి మనకు చెప్పాలా? ఒక పేక పోగు పడాలి, దాన్ని దగ్గరికి అదమాలి, ఆ తర్వాతే ఇంకో పోగు. ఇక్కడా అంతే. బంతిని ఒక్క అడుగు జరపండి. "మళ్లీ గీసే ముందు నన్ను పిలువు" అని బ్రౌజర్‌కు చెప్పి పక్కకు తప్పుకోండి. ఆ చెప్పే మాటే రిక్వెస్ట్‌యానిమేషన్‌ఫ్రేమ్. మామూలు తెరలమీద సెకనుకు సుమారు 60 సార్లు పిలుపు వస్తుంది.

ఇంకో మెలిక ఉంది. ఆ మాట చెప్పడం వేరు, పని జరగడం వేరు. దాని కింద "ఆట ముగిసింది" అని రాస్తే, బంతి గమ్యం చేరకముందే ఆ అక్షరాలు తెరమీద పడతాయి. బంతి కుడి చివరకు చేరిందో లేదో చూసే చోటే ఆ వాక్యం పెట్టాలి.

ఇది తెలియక "మనకీ చదువు రాదులే" అని కోర్సు మానేసే పిల్లలున్నారు. ఆ ఫీజు అమ్మానాన్నల షిఫ్టు కష్టం. మానేసే ముందు ఒక్క పని చేయండి: ముఖ్యమైన వాక్యాల దగ్గర కన్సోల్‌లో 1, 2, 3 అని రాయించండి. అంకెలు ఏ వరుసలో పడితే స్క్రిప్ట్ ఆ వరుసలోనే నడుస్తోందన్న మాట.